యూజెన్ పుబెల్

కీర్తి మనుష్యులను వింతవింత మార్గాల్లో వరిస్తుంది. కొందరి పేర్లు నగరాలకు నిలిచాయి. కొందరి పేర్లు విజ్ఞానశాస్త్ర సూత్రాలకు స్థిరపడ్డాయి. ఫ్రాన్స్ దేశంలో ఒక ఉన్నతాధికారి పేరు మాత్రం చెత్తడబ్బాకు స్థిరపడింది. ఫ్రెంచి భాషలో చెత్తడబ్బాను పుబెల్ అంటారు. ఇంటింటా వినిపించే ఆ మాటను పలికేటప్పుడు, ఆ పేరుగల మనిషిని తలచుకొనేవారు అరుదు. ఆయన న్యాయశాస్త్ర ఆచార్యుడు, సమర్థుడైన పరిపాలకుడు, రాయబారి. ఇరవైరెండు లక్షలకు పైగా జనాభాగల పారిస్ మహానగరాన్ని పన్నెండేళ్లకు పైగా పాలించినవాడు.

యూజెన్ రెనే పుబెల్ 1831 ఏప్రిల్ 15న ఫ్రాన్స్ ఉత్తర భాగంలోని నార్మండీ ప్రాంతంలో, కాన్ నగరంలో జన్మించాడు. కలిగిన మధ్యతరగతి కుటుంబం వారిది. న్యాయశాస్త్రాన్ని అభ్యసించి డాక్టరేటు పట్టం పొందిన అనంతరం కాన్, గ్రెనోబుల్, తులూజ్ నగరాల్లో ఆ శాస్త్రాన్నే బోధించాడు. పరిస్థితులు మారకుండా ఉంటే ఆయన జీవితం తరగతి గదుల్లోనే గడిచిపోయేదేమో! కాని 1870లో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయింది. మూడవ నెపోలియన్ సామ్రాజ్యం కూలి గణతంత్రం ఏర్పడింది. కొత్త ప్రభుత్వానికి కొత్త అధికారులు కావలసివచ్చారు. 1871 ఏప్రిల్‌లో పుబెల్ షరాంత్ మండలానికి ప్రిఫెక్టుగా నియమితుడయ్యాడు.

ప్రిఫెక్టు అంటే ఇంచుమించు మన జిల్లా కలెక్టరు వంటివాడు. కేంద్ర ప్రభుత్వం నియమించగా, దాని తరఫున మండలంలో ఆజ్ఞలు అమలు జరిపే అధికారి. ఈ హోదాలో పుబెల్ ఈజేర్, కోర్సికా, దూబ్ మండలాల్లోను, మార్సెయ్ రేవు పట్టణం ఉన్న బూష్-ద్యు-రోన్ మండలంలోను పనిచేశాడు. 1883 అక్టోబరులో ఆయనకు సీన్ మండల ప్రిఫెక్టు పదవి లభించింది. దేశంలో అంతకు మించిన పరిపాలనా పదవులు చాలా తక్కువ. ఎందుకనగా పారిస్ నగరం ఆ మండలంలోనే ఉంది. 1871లో పారిస్ ప్రజలు తిరుగుబాటు చేసి కమ్యూన్ పేరుతో సొంత పాలన నెలకొల్పిన తరువాత, ఆ నగరానికి మేయరును ఇవ్వడానికి పాలకులు జంకారు. 1977 వరకు పారిస్‌కు మేయరు లేడు. ఎన్నికైన నగరసభ ఉన్నా, కార్యనిర్వహణాధికారం ప్రిఫెక్టుదే. శాంతిభద్రతలు మాత్రం వేరొక పోలీసు ప్రిఫెక్టు చూసేవాడు. ఆ విధంగా 52 ఏళ్ల వయసులో, ఓటు అడగనవసరం లేని నగరాధిపతి అయ్యాడు పుబెల్. ఆ సౌకర్యమే ఆయనకు బలమూ అయింది, బలహీనతా అయింది.

అప్పటి పారిస్ పైకి చూడముచ్చటగా ఉండేది. 1853 నుండి 1870 వరకు ప్రిఫెక్టుగా ఉన్న ఓస్మాన్ ఇరుకు సందులను కూలగొట్టించి విశాలమైన రాజవీథులు వేయించాడు. బెల్‌గ్రాన్ అనే ఇంజనీరు భూగర్భంలో వందలాది కిలోమీటర్ల మురుగు సొరంగాలు తవ్వించాడు. వాననీరు, వీథులు కడిగిన నీరు ఆ సొరంగాల్లో ప్రవహించేవి. కాని ఇంటి చెత్త సంగతి మాత్రం పాతకాలపు తీరులోనే సాగుతుండేది. రాత్రి అయ్యేసరికి ప్రతి ఇంటివారూ వంటింటి తుక్కు, బూడిద, ఎముకలు, చినిగిన గుడ్డలు, పగిలిన పింగాణీ తెచ్చి వాకిలి ముందు కుప్పగా పోసేవారు. తెల్లవారుజామున గుర్రపుబండ్లు వచ్చి ఆ కుప్పలను ఎత్తుకుపోయేవి. ఈలోగా వాన కురిస్తే అదంతా బురదై వీథి పొడవునా పారేది.

ఈ రెండు వేళలకు నడుమ మరొక ప్రపంచం మేల్కొనేది. వీపున బుట్ట, ఒక చేత లాంతరు, మరొక చేత ఇనుప కొక్కెం ధరించి వేలాదిమంది నిరుపేదలు వీథుల్లోకి వచ్చేవారు. వీరిని షిఫోనియేలు అంటారు. గుడ్డపేలికలు ఏరుకొనేవారు అని ఆ మాటకు అర్థం. పేరు గుడ్డలదే అయినా వారు వదిలే వస్తువంటూ దాదాపు లేదు. పేలికలు కాగితపు మిల్లులకు చేరేవి. ఆనాటి మంచి కాగితమంతా గుడ్డపీచుతో తయారైనదే. ఎముకల నుండి గుండీలు, జిగురు, అగ్గిపుల్లలకు కావలసిన భాస్వరం లభించేవి. ఎముకలను కాల్చి చేసిన బొగ్గుతో పంచదారను తెల్లబరచేవారు. గాజుపెంకులు కొలిమికి, పాత ఇనుము కమ్మరికి చేరేవి. వీరు విడిచిన మిగులులో అధికభాగం కుళ్లే పదార్థమే. బండ్లవాళ్లు దానిని నగర శివార్లలోని కూరగాయల తోటలకు ఎరువుగా అమ్మేవారు. ఆ తోటల్లో పండిన కూరలు తిరిగి పారిస్ అంగళ్లకు వచ్చేవి. వ్యర్థపదార్థాల పునర్వినియోగం అని నేడు మనం గొప్పగా చెప్పుకొనే పనిని, ఆ పేరేమీ ఎరుగని ఈ జనం ఆకలి బాధతో చేస్తుండేవారు. నగరం వారి శ్రమను వాడుకొన్నది గాని వారిని ఏనాడూ గౌరవించలేదు. దొంగలుగా, రోగాలు మోసేవారుగా చూసింది.

పుబెల్ ఈ కుప్పలను సహించలేకపోయాడు. అందుకు కారణం కేవలం అందం కాదు. కుళ్లిన పదార్థాలకు, అంటువ్యాధులకు గల సంబంధం ఆ సంవత్సరాల్లోనే శాస్త్రీయంగా రుజువు కాసాగింది. పాశ్చర్ సూక్ష్మజీవుల పరిశోధనలు ఫ్రాన్స్‌లో ప్రతి విద్యావంతునికీ తెలిసినవే. పుబెల్ ఉత్తర్వు అమలైన 1884 ఆరంభంలోనే జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ మన కలకత్తాలో కూర్చొని కలరా క్రిమిని గుర్తించాడు. అదే సంవత్సరం వేసవిలో తూలోన్, మార్సెయ్ రేవుల్లో కలరా ప్రబలింది. మార్సెయ్ నగరాన్ని అంతకు కొద్ది నెలల ముందు వరకు పాలించినవాడు పుబెలే.

పదవి చేపట్టిన కొద్ది వారాలకే, 1883 నవంబరు 24న, ఆయన ఒక ఉత్తర్వు జారీచేశాడు. అది 1884 జనవరి 15 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి భవన యజమాని తన ఇంట అద్దెకున్నవారందరి కోసం మూతగల పెట్టెలను సొంత ఖర్చుతో ఏర్పాటు చేయాలి. చెత్తను వీథిలో పోయరాదు, పెట్టెలోనే వేయాలి. బండి వచ్చే వేళకు ముందు పెట్టెను వాకిట ఉంచి, బండి వెళ్లగానే లోపలికి తీసుకోవాలి. పెట్టె కొలత కూడా 40 నుండి 120 లీటర్ల వరకు ఉండాలని నిర్ణయమైంది. ఏ మాటకూ రెండర్థాలు రాకుండా చట్టాన్ని రచించడంలో ఆచార్యుని చేయి తిరిగినదే కదా!

అయితే ఆ ఉత్తర్వులోని అసలు విశేషం పెట్టె కాదు, పెట్టెల సంఖ్య. ఒకటి కాదు, మూడు ఉండాలని ఆయన సంకల్పించాడు. కుళ్లిపోయే పదార్థాలకు ఒకటి, కాగితాలు, గుడ్డలకు ఒకటి, గాజు, పింగాణీ, ఆల్చిప్పలకు ఒకటి. పారిస్ వారు ఆల్చిప్పల మాంసాన్ని అమితంగా ఇష్టపడతారు గనుక వాటి చిప్పలు ఇంటింటా పోగయ్యేవి. తోటకు పోయే ఎరువులో గాజుపెంకు కలిస్తే రైతు చేయి తెగుతుంది. కుళ్లులో తడిసిన గుడ్డకు మిల్లులో ధర పడిపోతుంది. అందుచేత కలిసిన తరువాత విడదీయడం కంటే కలవకుండానే ఉంచడం మేలని ఆయన గ్రహించాడు. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయాలని ప్రపంచ నగరాలు గట్టిగా చెప్పుకోవడానికి మరొక నూరేళ్లు పట్టింది.

ఉత్తర్వు వెలువడగానే అలజడి రేగింది. పెట్టెలు కొనే ఖర్చు తమపై పడినందుకు భవన యజమానులు మండిపడ్డారు. తెల్లవారకముందే లేచి పెట్టెలను మోయవలసిన కాపలావాళ్లు సణిగారు. పత్రికలకు మంచి విందు దొరికింది. ఫిగారో పత్రిక ఆ పెట్టెలను పుబెల్ పెట్టెలని ఎగతాళి చేసింది. ఎగతాళిగా పుట్టిన మాట ప్రజల నోట నాని, చివరికి పెట్టె అన్న మాట కూడా రాలిపోయి పుబెల్ అన్నదే మిగిలింది. 1890లో ఒక ప్రసిద్ధ ఫ్రెంచి నిఘంటువు అనుబంధంలో ఆ మాట సామాన్య నామవాచకంగా చోటు చేసుకొన్నది. అప్పటికి ఆయన ఇంకా ప్రిఫెక్టు పదవిలోనే ఉన్నాడు. తన పేరు చెత్తకు పర్యాయం కావడాన్ని కళ్లారా చూసిన మనిషి చరిత్రలో మరొకడు ఉన్నాడో లేడో!

యజమానుల కోపం ధనానికి సంబంధించినది. షిఫోనియేల బాధ అన్నానికి సంబంధించినది. రాత్రంతా వీథిలో ఉండే కుప్ప వారి పంటపొలం. ఇప్పుడు ఆ చెత్త మూతపడిన పెట్టెలో చేరి, తెల్లవారుజామున కొద్దిసేపు మాత్రమే వాకిట నిలిచి, బండిలోకి పోతుంది. ఏరుకొనే వ్యవధి ఏది? పారిస్ చరిత్రలో ఈ ప్రశ్న కొత్తది కాదు. 1832 వసంతంలో నగరంలో కలరా వ్యాపిస్తుండగా, చెత్తను సాయంకాలమే ఎత్తుకుపోయేందుకు అధికారులు ఒక గుత్తేదారుకు అనుమతి ఇచ్చారు. షిఫోనియేలు తిరగబడి ఆ బండ్లను తగులబెట్టారు. ఆ ఏడు కలరా పారిస్‌లో 18 వేల మందికి పైగా బలిగొన్నది. పుబెల్ అప్పటికి కాన్ నగరంలో ఏడాది పసివాడు.

ఈ పర్యాయం బండ్లు తగలబడలేదు గాని, పత్రికల్లో, నగరసభలో వాదాలు హోరెత్తాయి. అంతకుముందు షిఫోనియేలను ఈసడించిన పత్రికలే హఠాత్తుగా వారి పక్షం వహించాయి. ఆ జాలిలో కొంత నిజమైనది, కొంత ప్రిఫెక్టుపై కోపంతో పుట్టినది. ఎట్లయితేనేమి, పుబెల్ కొంత దిగిరాక తప్పలేదు. 1884 మార్చి 7న ఉత్తర్వు సవరించబడింది. బండి వచ్చేలోగా షిఫోనియేలు పెట్టెలోని చెత్తను నేలమీద పరచిన గుడ్డపై పోసి ఏరుకోవచ్చునని, తరువాత తిరిగి పెట్టెలో నింపాలని అనుమతి లభించింది.

ఈ సవరణతో అందరి కష్టమూ తీరలేదు. షిఫోనియేలలోనూ తరగతులున్నాయి. కొందరికి ఫలానా వీథిలోని ఫలానా ఇళ్లపై వాడుక హక్కు ఉండేది. వారు కాపలావాళ్లతో స్నేహంగా ఉండి, పెట్టెలు బయటికి మోసిపెట్టడంలో సాయపడి, ముందుగా ఏరుకొనేవారు. పెట్టె పద్ధతి వచ్చాక వీరి స్థితి మెరుగుపడిందనే చెప్పాలి. ఏ ఇంటితోనూ ఒప్పందం లేక, రాత్రి వేళ కుప్ప నుండి కుప్పకు తిరిగే అనాథలు మాత్రం దారుణంగా నష్టపోయారు. చట్టం దెబ్బ తరచు అట్టడుగువాడినే తాకుతుంది. అయితే వారి పతనానికి పుబెల్‌ను ఒక్కడినే బాధ్యుని చేయడం న్యాయం కాదు. ఆ కాలానికే కలప గుజ్జుతో కాగితం తయారుచేసే పద్ధతి వ్యాపించి గుడ్డపేలికల ధర పడిపోసాగింది. వృత్తి పునాది అప్పటికే కదిలింది. పెట్టె దానిపై మోపిన మరో బరువు.

నగరం నుండి వెలివేయబడిన షిఫోనియేలు ఎందరో కోటగోడల వెలుపలి ఖాళీ భూముల్లో గుడిసెలు వేసుకొన్నారు. ఏరి తెచ్చిన పాత సామాను అక్కడే పరచి అమ్మేవారు. ఉత్తరాన సేంట్-ఊవాన్ వద్ద అట్లా పెరిగిన అంగడి నేడు ప్రపంచ ప్రసిద్ధమైన పాత వస్తువుల సంత. దేశదేశాల నుండి వచ్చే యాత్రికులు అక్కడ పురాతన వస్తువులకు పెద్ద ధరలు చెల్లిస్తారు.

మరి మూడు పెట్టెల ఏర్పాటు ఏమైంది? అది కాగితంపైనే నిలిచిపోయింది. ఇరుకైన వాకిళ్లలో మూడు పెట్టెలకు చోటు లేదు. వేర్వేరుగా ఉంచినా, తీసుకుపోయే బండి ఒక్కటే. మూడు పెట్టెలు చేరేందుకు మూడు దారులు వేయనిదే ప్రజలు విడదీయరన్న సంగతిని ఆ ఉత్తర్వు పట్టించుకోలేదు. నిజానికి ఆ మూడు దారులూ ఎరిగినవారు నగరంలో ఉన్నారు. ఏ పేలికకు ఏ మిల్లు, ఏ ఎముకకు ఏ కార్ఖానా అన్నది షిఫోనియేలకు కరతలామలకం. వారిని పిలిచి పనిలో భాగస్వాములను చేయాలన్న ఊహ పుబెల్‌కు గాని, ఆయన్ను నిందించిన పత్రికలకు గాని కలగలేదు. ఒకే పెట్టెలో అన్నీ కలిపి వేయడమే అలవాటుగా స్థిరపడింది.

పుబెల్ పరిపాలనను చెత్తకే పరిమితం చేసి చూడటం సమంజసం కాదు. 1885 జూలై 31న ఆయన చేసిన మరొక సంతకం విలువ ఎన్నదగినది. అంతవరకు పారిస్ ప్రభుత్వ వైద్యశాలల్లో ఇంటర్న్ పదవులకు జరిగే పోటీ పరీక్షలు మహిళలకు నిషిద్ధం. వైద్యవిద్య చదివిన స్త్రీలు ఆ హక్కు కోసం పోరాడుతుండగా, వైద్య ప్రముఖులు అనేకులు గట్టిగా వ్యతిరేకించారు. పుబెల్ ఆ వ్యతిరేకతను లెక్కచేయక మహిళలకు ప్రవేశం కల్పించాడు. నాడీవ్యవస్థ పరిశోధనలో పిదప ఖ్యాతి గడించిన ఆగస్టా క్లుంప్కే ఆ ద్వారం గుండా వచ్చినదే. ఎవరిని అడగక్కరలేని అధికారం ఇక్కడ మేలు చేసింది.

ఆయన హయాంలోనే 1889లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది, ఐఫిల్ గోపురం వెలసింది. దేశదేశాల ప్రజలు ఆ గోపురాన్ని తలెత్తి చూశారు. అయితే నగరంలోని అనేక భవనాల అడుగున నాటికీ మలకూపాలే ఉండేవి. వాటిని ఎత్తిపోసే పనివాళ్లు రాత్రివేళ దుర్గంధం నడుమ ప్రాణాలకు తెగించి పనిచేసేవారు. 1892లో పారిస్ ప్రాంతంలో మళ్లీ కలరా కనిపించింది. మరుగుదొడ్ల నీటిని నేరుగా భూగర్భ మురుగు సొరంగాలతో కలపాలన్న వాదానికి దానితో బలం చేకూరింది. పుబెల్ దానిని పట్టుదలతో సమర్థించాడు. 1894 జూలై 10న వెలువడిన చట్టం ప్రతి భవనాన్నీ సొంత ఖర్చుపై సొరంగంతో కలిపే బాధ్యతను యజమానులపై ఉంచింది. పది సంవత్సరాల క్రితం పెట్టెల మీద తగవుపడినవారే మళ్లీ గోలపెట్టారు. పని పూర్తికావడానికి దశాబ్దాలు పట్టింది. ఆ మురుగునీటిని సీన్ నదిలోకి వదలకుండా జెన్‌విలియే, అషేర్ ప్రాంతాల పొలాలకు మళ్లించి పైరులు పండించారు. చెత్తనూ మురుగునూ నేలకే తిరిగి ఇవ్వడం ఆ కాలపు పారిశుద్ధ్య నిపుణుల దృష్టి. పుబెల్ చేసిన రెండు పనులలోనూ అది కనిపిస్తుంది.

1896లో ఆయన ప్రిఫెక్టు పదవిని విడిచి వాటికన్‌కు ఫ్రాన్స్ రాయబారిగా వెళ్లాడు. అక్కడ రెండేళ్లు పనిచేసి విరమించిన తరువాత దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓద్ మండలంలో, కార్కసోన్ సమీపంలో స్థిరపడ్డాడు. మండలసభకు సభ్యుడయ్యాడు. అక్కడి వ్యవసాయ సంఘానికి అధ్యక్షత వహించి దక్షిణాది ద్రాక్షరైతుల పక్షాన పాటుపడ్డాడు. 1907లో ధరలు పడిపోయి ఆ రైతులు లక్షల సంఖ్యలో వీథులకెక్కారు. జూన్‌లో ఓద్ మండలంలోని నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది. ఆ మరుసటి నెలలో, 76 ఏళ్ల వయసులో, పుబెల్ పారిస్‌లో కన్నుమూశాడు. ఆయన సమాధి కార్కసోన్ దగ్గరి ఎర్మినిస్ గ్రామ శ్మశానవాటికలో ఉంది. పారిస్ 16వ వార్డులో ఒక చిన్న వీథికి ఆయన పేరు పెట్టారు.

ఆయన తదనంతరం చెత్త స్వభావమే మారిపోయింది. రసాయనిక ఎరువులు వచ్చాక తోటలవారు నగరపు కుళ్లును కొనడం మానుకొన్నారు. ఇరవయ్యవ శతాబ్దారంభం నుండి చెత్తను కాల్చివేసే కొలిమిశాలలు పారిస్ చుట్టూ వెలిశాయి. 1946లో నగరంలో పెట్టెల నుండి ఏరుకోవడాన్ని నిషేధించారు. దానితో షిఫోనియేల వృత్తి అంతరించింది. ఆ తరువాతనే ప్లాస్టిక్ యుగం ప్రారంభమైంది. ఏరేవారు లేని కాలంలో చెత్త కొండలుగా పెరగసాగింది. 1975 జూలై 15 నాటి చట్టం ఇంటి చెత్తను తొలగించే బాధ్యతను స్థానిక సంస్థలపై నిశ్చయంగా ఉంచింది. 1992 జూలై 13 నాటి చట్టం తిరిగి వాడుకోదగిన దేనినీ పూడ్చివేయరాదన్న లక్ష్యాన్ని ప్రకటించింది. ప్యాకింగు సామగ్రి తయారీదారులు దాని సేకరణకయ్యే ఖర్చులో పాలుపంచుకొనే సంస్థ కూడా ఆ ఏడే నెలకొన్నది. ఈసారి వేరుచేసిన ప్రతిదానికీ వేరు బండి, వేరు కార్ఖానా ఏర్పడ్డాయి. 2024 జనవరి 1 నుండి ఆహార వ్యర్థాలను సైతం విడిగా ఇచ్చే సౌకర్యాన్ని స్థానిక సంస్థలు ప్రజలకు కల్పించడం ఫ్రాన్స్ అంతటా విధి అయింది.

పారిస్ భవనాల నడవల్లో నేడు వరుసగా డబ్బాలు కనిపిస్తాయి. పసుపుపచ్చ మూత ఉన్నది కాగితానికి, ప్యాకింగు వస్తువులకు. తెల్లమూత ఉన్నది గాజుకు. వంటింటి వ్యర్థాలకు మరొకటి. ఆల్చిప్పలకు మాత్రం ప్రత్యేకమైన పెట్టె లేదు.